మేనరికం సంబంధం: ఇంట్లో పుట్టుచెవుడు ఉన్నప్పుడు జన్యువుల లెక్క ఎలా చూడాలి?

స్వర్ణముఖి
మా అమ్మాయిని మా ఆడపడుచు కొడుక్కి అడుగుతున్నారు. అబ్బాయి శ్రీసిటీలో ఉద్యోగం చేస్తున్నాడు, బుద్ధిమంతుడు, మా అమ్మాయికీ ఇష్టమే. అభ్యంతరమల్లా నాదే. మా బావగారు తన పెద్దక్క కూతురిని చేసుకున్నారు, వారి అబ్బాయికి పుట్టుకతోనే వినికిడి లేదు. ఆ పెద్దక్కకు స్వయానా చెల్లెలే ఇప్పుడు సంబంధం అడుగుతున్న ఆడపడుచు. నేను ఈ మాట ఎత్తితే ఇంట్లో మూడు జవాబులు వస్తున్నాయి. మూడు తరాలుగా మనవి మేనరికాలేనని, పిల్లలిద్దరి బ్లడ్ గ్రూపులు వేరని, గోత్రాలు కూడా వేరని అంటున్నారు. తిరుపతిలో ఒక డాక్టరుగారిని అడిగితే దగ్గర సంబంధం వద్దని ఒక్క ముక్కలో తేల్చేశారే తప్ప ఎందుకు వద్దో చెప్పలేదు. ఆ ఎందుకు తెలియకుండా పెద్దవాళ్ల ముందు నేను నోరు విప్పలేను. ఈ మూడింటిలో శాస్త్రం ఒప్పుకునేది ఏదైనా ఉందా?

పుత్తూరు_కట్టు
మా తాత అక్క కూతురిని చేసుకున్నాడు, మా నాన్న మేనత్త కూతురిని చేసుకున్నాడు, మా ఇంట్లో అవిటితనం అన్నది ఎవరూ ఎరుగరు. ఇంటి పిల్ల కోడలుగా వస్తే అత్తామామలను సొంత మనుషుల్లా చూసుకుంటుంది, మామిడి తోట ముక్కలు కాదు, కట్నం కోసం పీడించేవాడూ ఉండడు. తెలిసిన అబ్బాయిని కాదని ఊరూపేరూ తెలియని చోట పిల్లనిచ్చి తర్వాత బాధపడిన ఇళ్లను ఎన్నో చూశాను.

శేషాచలం
ఎస్వీ యూనివర్సిటీలో మానవశాస్త్రం చదువుకున్నాను, అందులోనూ భౌతిక మానవశాస్త్రం నా విభాగం కాబట్టి కొంచెం విడమరిచి చెబుతాను.

ప్రతి జన్యువుకూ మనలో రెండు ప్రతులుంటాయి, ఒకటి తల్లి ఇచ్చినది, మరొకటి తండ్రి ఇచ్చినది. రెండింటిలో ఒకటి చెడినా మిగిలిన మంచి ప్రతి పని నడిపిస్తే, ఆ లోపాన్ని అంతర్గత లక్షణం అంటారు. అలాంటి ఒక్క చెడు ప్రతిని మోసేవారు వాహకులు. వారికి ఏ జబ్బూ ఉండదు, తాము మోస్తున్నామన్న సంగతే తెలియదు. మనలో ప్రతి ఒక్కరం ఇలాంటివి కొన్ని మోస్తూనే ఉన్నాము. భార్యాభర్తలిద్దరూ ఒకే లోపానికి వాహకులైనప్పుడు మాత్రమే, వారి ప్రతి బిడ్డకూ రెండు చెడు ప్రతులు చేరే అవకాశం నాలుగింట ఒకటిగా ఉంటుంది.

ఇక బంధుత్వం. మేనమామను చేసుకున్న మేనకోడలి బిడ్డలో, ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి ఒకే ప్రతి నుంచి దిగివచ్చే అవకాశం ఎనిమిదింట ఒకటి, మేనబావను చేసుకుంటే పదహారింట ఒకటి. దీన్నే అంతఃప్రజనన గుణకం అంటారు. మూడు తరాలుగా మేనరికాలు జరిగిన ఇంట్లో ఈ అంకె ఇంకా పెరుగుతుంది కాబట్టి, అది ధైర్యం చెప్పే మాట కాదు.

గోత్రం తండ్రి వైపు వరసను మాత్రమే లెక్కపెడుతుంది. బాబాయి కూతురు చెల్లెలు కాబట్టి పెళ్లి మాట తలపెట్టము, మేనమామ కూతురు మరదలు కాబట్టి ఎదురెళ్లి అడుగుతాము. జన్యువుల లెక్కలో ఆ ఇద్దరు అమ్మాయిలూ మనకు సరిగ్గా ఒకే దూరంలో ఉన్నారు.

కాణిపాకం77
చట్టం మాట కూడా ఒకటి చేర్చుతాను. 1955 నాటి హిందూ వివాహ చట్టం మేనమామ–మేనకోడలు పెళ్లినీ, అన్నాచెల్లెళ్ల పిల్లల మధ్య పెళ్లినీ నిషిద్ధ సంబంధాల జాబితాలోనే పెట్టింది, కానీ ఆచారం ఒప్పుకునే చోట మినహాయింపు ఇచ్చింది. మన వైపు పెళ్లిళ్లు ఆ మినహాయింపు కిందే చెల్లుతున్నాయి.

మదనపల్లె_టమాటా
బ్లడ్ గ్రూపు సంగతి ఎవరూ చెప్పలేదు. మా ఊళ్లో పెళ్లికి ముందు అబ్బాయి, అమ్మాయి గ్రూపులు చూసి, వేరువేరుగా ఉంటే మేనరికమైనా పరవాలేదని సంబంధం ఖాయం చేసుకుంటున్నారు.

అలిపిరి_మెట్లు
రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తున్నాను, ఈ ప్రశ్న నా బల్ల దగ్గరికి చాలా తరచుగా వస్తుంది. ఏ, బి, ఓ గ్రూపులను నిర్ణయించే జన్యువు తొమ్మిదో క్రోమోజోము మీద ఉంటుంది. పుట్టుచెవుడుకు తరచుగా కారణమయ్యే జన్యువు పదమూడో క్రోమోజోము మీద ఉంటుంది. మొదటిది వేరుగా ఉన్నంత మాత్రాన రెండోది వేరుగా ఉంటుందన్న హామీ ఏమీ లేదు, ఎందుకంటే క్రోమోజోములు తరం నుంచి తరానికి దేనికది విడిగా పంపిణీ అవుతాయి. స్వయానా అన్నాచెల్లెళ్లకే గ్రూపులు వేరుగా ఉన్న ఇళ్లు ఎన్నో ఉన్నాయి. అలాగే భార్యాభర్తల గ్రూపు ఒకటే అయితే ప్రమాదమన్న భయమూ వట్టిదే. చూడవలసినది ఆర్‌హెచ్ ఒక్కటే. తల్లి నెగెటివ్, బిడ్డ పాజిటివ్ అయితే తర్వాతి కాన్పుకు ఇబ్బంది రావచ్చు, దానికి యాంటీ-డి ఇంజెక్షన్ ఉంది. మేనరికానికీ దీనికీ సంబంధం లేదు.

పుత్తూరు_కట్టు
శేషాచలం గారు చెప్పిన లెక్క అర్థమైంది, కానీ ఒక సందేహం. మేనరికం అంత చెడ్డదైతే ఇన్ని వందల ఏళ్లుగా దక్షిణ దేశంలో ఎలా నిలిచింది? చెడు జన్యువులను ప్రకృతే ఏరేస్తుందని మనం బడిలో చదువుకున్నాం కదా. తరతరాలుగా దగ్గర పెళ్లిళ్లు చేసుకున్న మన ఇళ్లలో ఆ చెడు ఈపాటికి ఏరివేత అయిపోయి ఉండాలి.

శేషాచలం
ఇది తేలిగ్గా తీసేయదగ్గ ప్రశ్న కాదు. రెండు చెడు ప్రతులు కలిసిన బిడ్డలు చిన్నతనంలోనే చనిపోతూ వస్తే, ఆ జన్యువు కొంత తగ్గి ఉండవచ్చని 1960లలోనే కొందరు శాస్త్రవేత్తలు దక్షిణ భారతాన్ని ఉదాహరణగా తీసుకుని వాదించారు. 1970లలో వెల్లూరు సీఎంసీ ఆసుపత్రి పరిశోధకులు పక్కనే ఉన్న ఉత్తర ఆర్కాటు ప్రాంతంలో వేల కుటుంబాలను పరిశీలించినప్పుడు, సంతానోత్పత్తి మీద బంధుత్వ వివాహాల ప్రభావం ఊహించినంతగా కనబడలేదు. మన చిత్తూరుకు కూతవేటు దూరంలో జరిగిన పని కాబట్టి చెబుతున్నాను. మీ ఇల్లు చల్లగా ఉండటంలోనూ వింత లేదు. ఏ దంపతుల బిడ్డకైనా పుట్టుకతో పెద్ద లోపం ఉండే అవకాశం నూటికి రెండు మూడు అయితే, మేనబావను చేసుకున్నప్పుడు దానికి సుమారుగా మరో రెండు కలుస్తాయి. అంటే నూటికి తొంభై అయిదు మంది పిల్లలు ఏ లోపమూ లేకుండానే పుడతారు.

అయితే ఏరివేత వాదం ఒక చోట నిలవదు. ఒక అంతర్గత లోపం జనాభాలో వంద ప్రతులకు ఒకటి చొప్పున ఉందనుకోండి. బంధుత్వం లేని పెళ్లిళ్లలో పదివేల మంది పిల్లలకు ఒకరికి ఆ జబ్బు వస్తుంది. మేనబావ పెళ్లిళ్లలో పదివేలకు సుమారు ఏడుగురికి, మేనమామ పెళ్లిళ్లలో సుమారు పదముగ్గురికి వస్తుంది. ఇది చాలా పెరుగుదల. అయినా చెడు ప్రతులలో అత్యధిక భాగం ఇంకా వాహకులలోనే దాక్కుని ఉంటాయి, ప్రకృతి వరణానికి, అంటే మీరన్న ఆ ఏరివేతకు, అవి కనబడవు. పైగా జన్యువుల్లో కొత్త మార్పులు, అంటే ఉత్పరివర్తనలు, ప్రతి తరంలోనూ పుడుతూనే ఉంటాయి. చెవుడు లాంటివి ప్రాణం తీసేవి కావు కాబట్టి, వాటి విషయంలో ఏరివేత మరీ నెమ్మది.

ఇక్కడ మూలసూత్రం ఒకటుంది. జీవపరిణామం అంటే ఒక జనాభాలో జన్యువుల పౌనఃపున్యం, అంటే ఏ రకం ప్రతి ఎంత తరచుగా ఉందన్న లెక్క, తరతరానికీ మారడం. మేనరికం తనంతట తాను ఆ పౌనఃపున్యాన్ని మార్చదు, కొత్త జబ్బునూ పుట్టించదు. ఉన్న ప్రతులను జంటలుగా కలిపే తీరును మాత్రమే మారుస్తుంది. విడిగా దాగి ఉన్నవి ఒక బిడ్డలో ఎదురెదురు పడతాయి, అంతే.

తలకోన
అయితే డార్విన్ సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. ఆయన 1839లో తన మేనమామ కూతురు ఎమ్మాను పెళ్లి చేసుకున్నాడు. పదిమంది పిల్లల్లో ముగ్గురు చిన్నతనంలోనే పోయారు. మిగిలినవాళ్ల ఆరోగ్యానికి తన పెళ్లే శాపమేమోనన్న దిగులు ఆయనను వదలలేదు. 1871 జనాభా లెక్కల్లో బంధుత్వ వివాహాల గురించి ఒక ప్రశ్న చేర్చమని అడిగించాడు, బ్రిటిష్ పార్లమెంటు ఒప్పుకోలేదు. మెండెల్ 1866లోనే అచ్చు వేయించిన బఠానీ మొక్కల వంశపారంపర్య సూత్రాలు ఆయనకు అంది ఉంటే ఆ దిగులుకు ఒక రూపం దొరికేది.

పలమనేరు_పాలు
మా అక్క కొడుక్కి కండరాలు క్షీణించే జబ్బు ఉంది, డీఎండీ అంటారు. మాది కూడా మేనరికమే. దానివల్లే వాడికి ఇలా అయిందని మా బంధువులు మా అక్కా బావలను ఇప్పటికీ దెప్పుతారు. అది నిజమేనా?

అలిపిరి_మెట్లు
నిజం కాదు, ఈ మాట మీ బంధువులందరికీ గట్టిగా చెప్పండి. ఆ జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది, మగబిడ్డకు ఎక్స్ తల్లి నుంచి మాత్రమే వస్తుంది. తండ్రి మేనమామ అయినా, బొత్తిగా పరాయివాడైనా మగబిడ్డకు ఆయన ఇచ్చేది వై క్రోమోజోమే. హీమోఫీలియాకూ, సాధారణ వర్ణాంధత్వానికీ ఇదే వర్తిస్తుంది. తల్లి వాహకురాలు కావడం ఆమె చేసిన నేరం కూడా కాదు. కొందరు పిల్లల్లో ఆ మార్పు అప్పటికప్పుడు కొత్తగా కూడా పుడుతుంది.

పలమనేరు_పాలు
ఇదే మాట మా అక్కకు ఈ రాత్రే చదివి వినిపిస్తాను.

బంగారుపాళ్యం
మాది ఆర్యవైశ్య కుటుంబం. మా అమ్మానాన్నలకు దగ్గర బంధుత్వం ఏదీ లేదు. మా మేనత్తకు ఆపరేషన్ చేసినప్పుడు, గొంతులో గొట్టం వేయడానికి ముందు కండరాలు సడలించే మందు ఇచ్చారు. అది మామూలుగా కొన్ని నిమిషాల్లో దిగిపోవాలట. ఆపరేషన్ ముగిసినా ఆమె తనంతట ఊపిరి తీసుకోలేదు, వేలు కూడా కదల్చలేకపోయింది. గంటల తరబడి వెంటిలేటరు మీద ఉంచి, మందు దానంతట అది దిగిన తర్వాత గొట్టం తీశారు. ఆ మందును విరగ్గొట్టే ఎంజైము ఆమె రక్తంలో లేదని తర్వాత పరీక్షలో తేలింది. మేనరికం కాని ఇంట్లో ఇది ఎలా వచ్చింది?

శేషాచలం
ఆ మందు పేరు సక్సినైల్‌కోలిన్, ఆ ఎంజైము బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్. ఇది మీ సముదాయంలో మిగతావారికన్నా తరచుగా కనిపిస్తుందన్నది శాస్త్ర పత్రికల్లో నమోదైన విషయమే. కారణాన్ని ఫౌండర్ ఎఫెక్ట్ అంటారు. ఒకప్పుడు చాలా కొద్దిమందితో మొదలైన గుంపు తర్వాత లక్షలుగా పెరిగి, ఆ కాలమంతా తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటూ వస్తే, మొదటి కొద్దిమందిలో ఒకరు మోసిన లోపం కూడా గుంపుతో పాటే పెరుగుతుంది. అది మంచిదా చెడ్డదా అన్నదానితో పని లేకుండా, చిన్న గుంపులో కేవలం యాదృచ్ఛికంగా పౌనఃపున్యం మారిపోవడాన్ని జన్యు విస్థాపన అంటారు.

2009లో హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థకు చెందిన లాల్జీ సింగ్, తంగరాజ్, అమెరికాలోని డేవిడ్ రైక్ బృందంతో కలిసి ‘నేచర్’ పత్రికలో మన దేశంలోని చాలా సమూహాల్లో ఈ ఫౌండర్ ఎఫెక్ట్ ఉందని వెల్లడించారు. 2017లో వచ్చిన తర్వాతి అధ్యయనం దక్షిణాసియాలో 260కి పైగా సమూహాలను పరిశీలించి, వాటిలో 81 సమూహాల్లో ఈ ప్రభావం, దానికి పేరుపడ్డ ఫిన్లాండ్ వారిలోకన్నా, ఐరోపాకు చెందిన అష్కెనాజీ యూదులలోకన్నా బలంగా ఉందని తేల్చింది. ఆ 81లో 14 సమూహాల జనాభా పది లక్షలు దాటింది. కాబట్టి ‘మాకు బంధుత్వం లేదు, పెద్ద కులం మాది’ అనుకున్నంత మాత్రాన జన్యువుల దృష్టిలో దూరం కాలేదు. బంగారుపాళ్యం గారూ, మీ ఇంట్లో ఎవరికి ఆపరేషన్ జరిగినా మత్తు డాక్టరుకు ఈ విషయం ముందే చెప్పండి. వేరే మందు వాడతారు.

కుప్పం_రైలు
అంటే ఒక్కో కులం రక్తం వేరని సైన్సే ఒప్పుకున్నట్టు కదా? మా పెద్దలు చెప్పిన కట్టుబాటు సబబేనన్నమాట.

శేషాచలం
కాదు. ఆ పరిశోధనలు చెప్పేది సరిగ్గా దీనికి ఎదురు. మన దేశంలో వేర్వేరు పూర్వీక జనాలు సుమారు 4,200 ఏళ్ల కిందటి నుంచి 1,900 ఏళ్ల కిందటి వరకు విరివిగా కలిసిపోయారని, ఆ తర్వాతే బయటి పెళ్లిళ్లు ఆగిపోయాయని 2013లో లెక్కకట్టారు. ఈ రోజు ఏ కులాన్ని తీసుకున్నా అది మిశ్రమమే. ప్రపంచం మొత్తం మీద చూసినా 1972లో జన్యు శాస్త్రవేత్త రిచర్డ్ లెవాంటిన్ తేల్చినది ఇదే. మనుషుల మధ్య ఉన్న జన్యు వైవిధ్యంలో నూటికి 85 పాళ్లు ఏ ఒక్క జనాభాలోనైనా లోపలే ఉంటుంది, జాతులని మనం పిలిచే వాటి మధ్య ఉన్నది ఆరు పాళ్లు మాత్రమే. గుంపుల మధ్య తేడా పౌనఃపున్యాల తేడా. ఒక గుంపుకే సొంతమైన రక్తం అన్నది ఎక్కడా లేదు. కట్టుబాటు చేసిందల్లా కొన్ని అరుదైన జబ్బులను గుంపు లోపల పోగు చేయడమే.

తలకోన
పుత్తూరు_కట్టు గారి ఏరివేత ప్రశ్నకు ఇంకో కోణం ఉంది. ప్రకృతి కొన్ని చెడు జన్యువులను ఏరివేయకపోగా కాపాడుతుంది కూడా. సికిల్ సెల్ జబ్బు దీనికి పాఠ్యపుస్తక ఉదాహరణ. హీమోగ్లోబిన్‌లో ఆరో అమైనో ఆమ్లం ఒక్కటి మారితే ఎర్ర కణం కొడవలిలా వంగుతుంది. రెండు ప్రతులూ అవే అయితే ప్రాణాంతకమైన జబ్బు. ఒకటే అయితే మలేరియా ముదిరి చనిపోకుండా రక్షణ. 1954లో ఆంథొనీ ఆలిసన్ తూర్పు ఆఫ్రికాలో దీన్ని చూపించాడు. మన దేశంలో ఈ జన్యువును మొదట 1952లో నీలగిరి కొండల గిరిజనులలో గుర్తించారు. దోమలు లేని ఊరికి వెళ్లిన వాహకుడికి దానితో ఏ లాభమూ లేదు. ఒక జన్యువు మంచిదా చెడ్డదా అన్నది అది ఉన్న చోటును బట్టి కూడా ఉంటుంది.

చంద్రగిరి_కోట
అందరూ సూత్రాలు చెప్పారు, స్వర్ణముఖి గారి ఇంటి లెక్క ఎవరూ వేయలేదు. ఆ బాబు చెవుడు అంతర్గత లోపమేననుకుందాం. అలాగైతే మీ బావగారు తప్పనిసరిగా వాహకుడే. ఆయన భార్యకు ఆ ప్రతి తల్లి నుంచి, అంటే పెద్దక్క నుంచి వచ్చి ఉండాలి. అన్నకూ అక్కకూ ఒకే లోపం ఉందంటే, మీ అత్తమామల్లో ఒకరు దాన్ని మోసి ఉంటారు. అప్పుడు మీ భర్త వాహకుడయ్యే అవకాశం సగం, మీ అమ్మాయికి నాలుగో వంతు. అవతల మీ ఆడపడుచుకు సగం, అబ్బాయికి నాలుగో వంతు. ఇద్దరూ వాహకులయ్యే అవకాశం పదహారింట ఒకటి, వారి బిడ్డకు చెవుడు వచ్చే అవకాశం అరవై నాలుగింట ఒకటి. అదే మీ అమ్మాయి, యాభై మందిలో ఒకరు వాహకులుగా ఉన్న బయటి జనంలో పెళ్లి చేసుకుంటే ఎనిమిది వందలకు ఒకటి అవుతుంది. పాత తరాల మేనరికాలు కలిస్తే మొదటి అంకె ఇంకొంచెం పెరుగుతుంది, తగ్గడం మాత్రం ఉండదు.

మదనపల్లె_టమాటా
నా కూతురికి పుట్టుచెవుడు. మాది మేనరికం కాదు. రెండేళ్లు నిండకముందే గుర్తించి కాక్లియర్ ఇంప్లాంట్, అంటే చెవి లోపల అమర్చే వినికిడి పరికరం, వేయించాము, తర్వాత మాట్లాడటం నేర్పే తరగతులకు వదలకుండా తీసుకెళ్లాము. ఇప్పుడు బడిలో పద్యాలు అప్పజెబుతోంది. లెక్కలు అవసరమే, కాదనను. కానీ అలాంటి బిడ్డ పుట్టడమే ఇంటికి అరిష్టం అన్నట్టు మాట్లాడవద్దని అందరినీ కోరుతున్నాను. స్వర్ణముఖి గారూ, మీ బావగారి బాబు ముందర ఈ చర్చ పెట్టకండి. చెవులు వినబడకపోయినా వాడికి ముఖాలు చదవడం వచ్చు.

స్వర్ణముఖి
మదనపల్లె గారి మాట మనసులో పెట్టుకుంటాను. చంద్రగిరి_కోట గారి లెక్కను కాగితం మీద వేసి మావారికి చూపించాను. ఆయన చాలాసేపు చూసి, అరవై నాలుగింట ఒకటి అంటే అరవై మూడు మంది బాగుంటారు కదా అన్నారు. కాదనలేకపోయాను, ఔననీ అనలేకపోయాను. ఈ ‘అవకాశం’ దగ్గరే ఆగిపోవాలా, లేక కచ్చితంగా తెలుసుకునే దారి ఏదైనా ఉందా? బాబు కడుపులో ఉన్నప్పుడు వాళ్లమ్మకు జ్వరం, ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయని ఇప్పుడు మా అత్తగారు చెబుతున్నారు. దానికేమైనా సంబంధం ఉందా?

పుత్తూరు_కట్టు
మా ఇంటి పెళ్లిళ్ల గురించి నేను చెప్పిన మాట మీద నేను నిలబడతాను. అయితే ఆ మాట చెవుడు లేని ఇంటికే చెల్లుతుంది. అమ్మా, మీ ఇంట్లో ఒక బిడ్డ ఉన్నాడు కాబట్టి మీరు పరీక్ష చేయించి తీరాలి. పెద్దవాళ్లు అడ్డుపడితే, మేనరికాన్ని సమర్థించే నాలాంటివాడే ఈ మాట చెప్పాడని చెప్పండి.

అలిపిరి_మెట్లు
జ్వరం, దద్దుర్ల సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి. గర్భిణికి మొదటి నెలల్లో రుబెల్లా అనే వైరస్ జ్వరం సోకితే బిడ్డకు చెవుడు రావచ్చు, అది వంశపారంపర్యం కాదు. పుట్టిన వెంటనే పచ్చకామెర్లు ముదిరినా, మెదడు పొర వాపు వచ్చినా అంతే. పుట్టుచెవుడులో సగానికి పైగా జన్యు కారణాల వల్లనే వస్తుంది, మిగతా దానికి ఇలాంటివి కారణం.

కచ్చితంగా తెలుసుకునే దారి ఉంది. పరీక్ష మీ అమ్మాయితో మొదలు పెట్టకూడదు, బాబుతో మొదలు పెట్టాలి. ఏ జన్యువులో ఏ మార్పు ఉందో తెలియకుండా మీ అమ్మాయి రక్తంలో దేనికోసం వెతుకుతారు? మన దేశంలో పుట్టుచెవుడు ఉన్నవారిలో ముందుగా చూసేది జీజేబీ2 అనే జన్యువును. లోపలి చెవిలో పొటాషియం అయాన్లు ఒక కణం నుంచి పక్క కణానికి దాటే ద్వారాలను అది కడుతుంది. అందులో డబ్ల్యూ24ఎక్స్ అనే మార్పు మన వాళ్లలో తరచుగా కనిపిస్తుంది. 24వ స్థానంలో ట్రిప్టోఫాన్ రావలసిన చోట ప్రోటీను తయారీ మధ్యలోనే ఆగిపోతుంది. జన్యువు చిన్నది కాబట్టి దాన్ని చదవడం కష్టమైన పని కాదు. అక్కడ దొరకకపోతే చెవుడుకు సంబంధించిన మిగతా జన్యువులన్నింటినీ ఒకేసారి చదివే పరీక్ష చేస్తారు.

బాబులో మార్పు దొరికితే మీ అమ్మాయికీ, అబ్బాయికీ ఆ ఒక్క మార్పు కోసం రక్తం చూస్తే చాలు. ఇద్దరిలో ఒకరికి లేకపోయినా, ఆ మార్పు వల్ల వారి బిడ్డకు చెవుడు రాదు, అరవై నాలుగు అన్న అంకె అక్కడితో చెరిగిపోతుంది. ఇద్దరికీ ఉంటే ప్రతి కాన్పుకూ నాలుగింట ఒకటి. అప్పుడు పెళ్లి మాట వాళ్లిద్దరే కూర్చుని తేల్చుకోవాలి. బాబులో ఏదీ దొరకకపోతే జన్యు కారణం లేదని కాదు, ఆ మాట కౌన్సెలింగ్ చేసే డాక్టరు దగ్గర వివరంగా అడగండి. వెల్లూరు సీఎంసీ మీకు దగ్గర, హైదరాబాద్‌లో నిమ్స్ ఆసుపత్రి, సీడీఎఫ్‌డీ అనే డీఎన్‌ఏ పరీక్షల సంస్థ ఉన్నాయి. వెళ్లేటప్పుడు చంద్రగిరి_కోట గారు వేసినట్టే మూడు తరాల వంశవృక్షం, ఎవరు ఎవరిని చేసుకున్నారో గీతలతో సహా కాగితం మీద వేసుకుని తీసుకెళ్లండి. వాళ్లు మొదట అడిగేది అదే.

కాణిపాకం77
ఒక్కటి మాత్రం తేదీలు పెట్టుకోకముందే చేయించండి. ఇలాంటి ఫలితాలకు వారాలు పడుతుంది, ముహూర్తం పెట్టుకున్నాక వచ్చిన కాగితాన్ని మన ఇళ్లలో ఎవరూ చదవరు.